గేదె కొమ్ముతో తుపాకిమందు బుడ్డి చేద్దామనుకుంటే లోపలి ఎముక దగ్గరే ఆగిపోయా, తెలిసినవాళ్ళు చెప్పండి

తీరికలేనోడు:

అందరికీ నమస్తే. పాత తుపాకులకి మందు పోసుకోడానికి భుజాన వేలాడేసుకునే కొమ్ము ఉండేది కదా, అలాంటిది ఒకటి ఇంట్లోనే సొంతంగా చెయ్యాలని మొదలెట్టా. అసలు మందు పొయ్యడానికి కాదు, మేం వేస్తున్న నాటకంలో ఒక వేటగాడి వేషం ఉంది, వాడి ఒంటిమీదికి కావాలి. అట్టతో చేసి రంగేస్తే పనైపోతుంది కదా అని మావాళ్ళు అంటున్నారు గానీ నాకు మనసొప్పట్లేదు. చేతిలోకి తీసుకుని చూసినా అసలుదే అనిపించాలి, బిరడా లాగి వంపితే సన్నగా ధార పడాలి.

గేదె కొమ్ములు ఒక జత దొరికాయి, మొదట్లో కోసి ఇచ్చారు. ఇప్పుడు ఆగిపోయింది ఎక్కడంటే, లోపల ఎముక బిగుసుకుపోయి ఉంది, లాగితే కదలట్లేదు, పైగా కంపు. మంట మీద కాల్చు ఊడొస్తుంది అని ఒకరు, నీళ్ళలో పడేసి మర్చిపో అని ఇంకొకరు. సరే అది ఎలాగోలా వచ్చిందనుకుందాం, కొస వైపు బెజ్జం వెయ్యాలి కదా, లోపల బోలు ఎక్కడిదాకా ఉందో బయటికి తెలీట్లేదు, ఎక్కడ కొయ్యాలో ఎలా తెలుస్తుంది? మొదలు వైపు చూస్తే గుండ్రంగా లేదు, మూడు పలకలుగా ఉంది, దానికి చెక్క మూత ఎలా బిగిస్తారు? కొమ్ముని వేడి చేసి చదునుగా నొక్కొచ్చు అని కూడా విన్నా, నిజమేనా లేక ఊరికే అంటారా?

నా దగ్గర ఉన్నవి చిన్న రంపం, రెండు ఆకురాళ్ళు, డ్రిల్లు, ఒక వైస్, గరుకు కాయితాలు. అంతే. కొత్త మెషిన్లు కొనే ఉద్దేశం లేదు.

రంపపుపొట్టు:

కాల్చమన్నవాళ్ళ మాట అస్సలు వినకండి. మన గోరు, వెంట్రుక ఏ పదార్థమో కొమ్ము కూడా అదే, కెరాటిన్. మంట తగిలిన చోట మాడి బుడగలెక్కి పెళుసైపోతుంది, ఆ మచ్చ ఎంత గీకినా పోదు.

లోపలి ఎముక కొమ్ముకి నేరుగా అతుక్కుని ఉండదండి, రెండింటికీ మధ్య చర్మం లాంటి పల్చటి పొర ఉంటుంది, పట్టంతా దానిదే. అది మెత్తబడితే చాలు ఎముక జారిపోతుంది. నిదానం మీద పని కానిచ్చేవాళ్ళు బకెట్లో కొమ్ము మొత్తం మునిగేలా నీళ్ళు పోసి రెండు మూడు వారాలు వదిలేస్తారు, మధ్యలో నీళ్ళు మారుస్తూ ఉంటారు, ఆ పొర కుళ్ళిపోయి ఎముక దానంతటదే వదులవుతుంది, కాకపోతే ఆ బకెట్ ఇంటికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. అంత ఓపిక లేకపోతే ఉడకబెట్టండి. మళ్ళీ వంటకి వాడని పాత గిన్నె తీసుకుని ఆరుబయట సన్న సెగ మీద అరగంట నుంచి ముప్పావుగంట ఉడికించి, మందం గ్లవుజులు వేసుకుని బయటికి తీసి మొదలు వైపు కిందకి పట్టుకుని చెక్క మొద్దు మీద దబదబా కొడితే చాలాసార్లు ఎముక ఊడి కింద పడుతుంది. అప్పటికీ రాకపోతే ఎముక మధ్యలోకి పొడుగాటి పెద్ద స్క్రూ ఒకటి దించి దాన్ని పటకారుతో పట్టుకుని మెల్లగా తిప్పుతూ లాగండి. రాకపోతే మళ్ళీ గిన్నెలోకే, బలవంతం చేసి మొదలు అంచు చీల్చుకోవద్దు.

ఊడొచ్చాక లోపల అంటుకున్న పొరంతా గీకేసి సబ్బునీళ్ళతో బాగా కడిగి నీడలో ఆరబెట్టండి, నీడలోనే, ఎండలో గబగబా ఆరితే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. కంపు పోవాలని బ్లీచింగ్ నీళ్ళు మాత్రం పోయొద్దు, బ్లీచ్ కెరాటిన్ని తినేస్తుంది, పైన నున్నగా ఉన్నది కాస్తా సుద్దలా తెల్లబడి గరుకైపోతుంది.

పశువులడాక్టరమ్మ:

ఒక్క మాట చెప్పి పోతా. ఏ జబ్బుతో చచ్చిందో తెలీని పశువు కొమ్ముని ఇంటికి తేవద్దు. దొమ్మరోగం, అదే ఆంత్రాక్స్, దాని బీజాలు కాసేపు ఉడకబెడితే చచ్చేవి కావు. పూర్వం ఉన్ని, తోళ్ళు, కొమ్ముల పనులు చేసేవాళ్ళకి ఆ జబ్బు అంటుకునేది అందుకే. ఆరోగ్యంగా ఉన్న పశువుదే అని తెలిస్తే భయమేం లేదు. అయినా గీకేటప్పుడు, రుద్దేటప్పుడు మాస్క్ వేసుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి రుద్దితే పొడి లేవదు, ఇంకా మేలు.

జింక కొమ్ము, ఇంకేదైనా అడవి జంతువు కొమ్ము ఎవరైనా ఇస్తామంటే కూడా వద్దనండి, చాలా దేశాల్లో వన్యప్రాణి చట్టాలు గట్టిగా ఉన్నాయి. జింకది ఎలాగూ మీ పనికి రాదు, అది ఏటేటా రాలి మళ్ళీ మొలిచే ఎముక, గేదె కొమ్ములా లోపల బోలుగా ఉండదు.

ఇత్తడిచీల:

కొస సంగతి నేను చెప్తా, ఎందుకంటే ఈ పనిలో కొమ్ములు పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

కొమ్ము బయటినుంచి ఎంత పొడుగున్నా లోపల బోలు కొసదాకా ఉండదు తమ్ముడూ. కొస గట్టి ముద్ద. గేదె కొమ్ముకైతే ఆ గట్టి భాగం ఇంకా పొడుగు. అందుకే రంపం పట్టుకునే ముందు కొలత. వంగే తీగ ఒకటి తీసుకో, మరీ మెత్తటిది కాకుండా. మొదలు వైపు నుంచి లోపలికి వంపు వెంబడే తోస్తూ పో, ఎక్కడో ఒకచోట ఆగుతుంది. కొమ్ము అంచు దగ్గర తీగని వేళ్ళతో గట్టిగా పట్టుకుని అలాగే బయటికి లాగి, అదే కొలత కొమ్ము బయటివైపు అదే వంపులో ఆనించి పెన్సిల్‌తో గీత పెట్టు. బోలు అక్కడితో అయిపోయింది అన్నమాట. గీతకి అవతల, కొస వైపు రెండున్నర మూడు అంగుళాలు వదిలి అక్కడ కొయ్యి. మరీ గీత పక్కనే కోస్తే మూతి చెక్కుకోడానికి, పట్టీ కట్టుకోడానికి కండ మిగలదు, మరీ దూరంగా కోస్తే గట్టి ముద్దలో వంకరగా బెజ్జం వెయ్యాల్సొస్తుంది.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. డ్రిల్లు బిట్టు తిన్నగా పోతుంది, కొమ్ము వంకర. అందుకని పక్కనుంచి చూసి, కోసిన చోటు మధ్య నుంచి బోలు చివరిదాకా ఒక తిన్నటి గీత కొమ్ము పైన గీసుకో, ఇంకో వైపు నుంచి కూడా గీసుకో, ఆ రెండు గీతలూ కొమ్ము కండలోనే పోతున్నాయా లేక మధ్యలో పక్కకి బయటపడుతున్నాయా చూడు. బయటపడేటట్టుంటే కోసే చోటు మార్చు. సరిపోతే గుడ్డ చుట్టి వైస్‌లో బిగించి ముందు 3 మిల్లీమీటర్ల బిట్టుతో నెమ్మదిగా వెయ్యి, ఒక్క ఊపున తొయ్యకు, కాస్త లోపలికి వెళ్ళగానే వెనక్కి తీసి పొట్టు దులుపు, మళ్ళీ వెళ్ళు. స్పీడు పెంచితే కాలిన వెంట్రుకల కంపు వస్తుంది, అది వచ్చిందంటే ఆపి చల్లారనివ్వు అని అర్థం, ఆ వేడికి లోపల పొట్టు మెత్తబడి బిట్టు చుట్టూ పట్టేస్తుంది. బోలులోకి దిగగానే చేతికి తెలిసిపోతుంది, టక్కున వదులవుతుంది. తర్వాత 6 మిల్లీమీటర్ల బిట్టుతో వెడల్పు చెయ్యి, ధార పడ్డానికి అది చాలు.

పాతకాలంలో అయితే ఎర్రగా కాల్చిన ఇనప ఊచ దింపి బెజ్జం కాల్చేవాళ్ళు, వంపు ఉన్నచోట అది పనికొస్తుంది కూడా. ఇంట్లో మాత్రం ఆ పని పెట్టుకోకు, ఇంటిల్లిపాదీ తిడతారు.

తీరికలేనోడు:

రంపపుపొట్టు గారూ, ఒకటి ఊడొచ్చింది! స్క్రూ దించి తిప్పితే బుడుక్కుమని జారింది. రెండోది ఇంకా మొండికేస్తోంది, అది మళ్ళీ గిన్నెలో ఉంది. తీగ పెట్టి కొలిస్తే నిజంగానే మూడో వంతు కొమ్ము గట్టిగానే ఉంది, నేనైతే కొస నుంచి అంగుళం దగ్గర కోసేద్దామని చూస్తున్నా అప్పటికే.

ఇప్పుడు మొదలు వైపు మూత. అది అస్సలు గుండ్రంగా లేదు, ఒక వైపు అంచు మందం, ఇంకో వైపు పల్చన.

కలపపురుగు:

మూత దగ్గర చాలామంది చెక్కని కొమ్ముకి సరిపెట్టాలని చూస్తారు, నేను చెప్పేది ఉల్టా, కొమ్మునే చెక్కకి సరిపెట్టాలి. గట్టి చెక్కతో ఒక గుండ్రటి మొద్దు చేసుకో, ఒక చివర సన్నగా ఇంకో చివర లావుగా, శంకు ఆకారంలో. మొదలు వైపు ఒక మూడు అంగుళాలు మాత్రం మరిగే నీళ్ళలో ముంచి పెట్టు, పావుగంట ఇరవై నిమిషాల్లో మెత్తబడుతుంది, తీసిన వెంటనే ఆ మొద్దుని లోపలికి తోసి చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేసి అలాగే వదిలెయ్యి. చల్లారేసరికి కొమ్ము గుండ్రంగా నిలబడిపోతుంది. ఇక దానికి గుండ్రటి మూత చెయ్యడం ఎంత పని, ఎవరైనా చేస్తారు. వెంటనే అంటే నిజంగా వెంటనే, బయటికి తీశాక నిమిషం ఆగినా గట్టిపడిపోతుంది, అందుకని మొద్దు, సుత్తి అన్నీ చేతికందేలా పెట్టుకుని తర్వాత ముంచు.

చదునుగా నొక్కడం గురించి అడిగావు కదా, అదీ నిజమే. అదే సూత్రం. కానీ ముందు గోడ పల్చన చెయ్యాలి, 3 మిల్లీమీటర్ల దాకా గీకకుండా నొక్కితే లొంగదు, లొంగినా అంచుల వెంబడి చీలుతుంది. లోపల నీకు కావాల్సిన మందంలో ఒక చెక్క పలక దూర్చి, బయట రెండు వైపులా పలకలు పెట్టి క్లాంపులతో కొంచెం కొంచెం బిగించాలి, బిగుసుకున్నాక మళ్ళీ మరగబెట్టి మళ్ళీ బిగించాలి, చివరికి రాత్రంతా అలాగే వదిలెయ్యాలి. నీళ్ళ బదులు కాగే నూనెలో ముంచితే ఇంకా బాగా వంగుతుంది అని చెప్తారు, నూనె నీళ్ళకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది గనక అది నిజమే, కానీ తడి కొమ్ము నూనెలో పెడితే చిమ్ముతుంది, మంట అంటుకునే ప్రమాదం వేరే. వద్దు.

రంపపుపొట్టు:

కలపపురుగు అన్నా, నువ్వు చెప్పింది ఆవు, ఎద్దు కొమ్ములకి కరెక్టు. అవి పల్చగా ఉంటాయి, పుట్టుకతోనే దాదాపు గుండ్రంగా ఉంటాయి, కాస్త సాయం చేస్తే చాలు. ఈయన చేతిలో ఉన్నది గేదె కొమ్ము. గోడ మందం, మూడు పలకలు, పైన అడ్డంగా గట్లు. దాన్ని గుండ్రంగా చెయ్యాలని మొద్దు దిగగొడితే అన్ని వైపులా ఒకేలా సాగదు, పల్చటి వైపు మాత్రమే సాగి అక్కడ పగుళ్ళిస్తుంది. ఇంకోటి, కొమ్ముకి జ్ఞాపకం ఎక్కువ. వేడితో వంచినదాన్ని మళ్ళీ వేడి చేస్తే పాత ఆకారానికి పోవాలని చూస్తుంది. ఎండలో నిలబెట్టిన కారులో ఒక మధ్యాహ్నం వదిలేస్తే చాలు మూత వదులవడానికి.

అందుకే గేదెకి మాత్రం చెక్కనే కొమ్ముకి సరిపెట్టాలి అంటా. ఏం చెయ్యాలంటే, ముందు మొదలు అంచుని రంపంతో తిన్నగా కోసి, గరుకు కాయితాన్ని బల్లమీద పరిచి దానిమీద కొమ్ముని నిలబెట్టి రుద్దు, అంచు ఎక్కడా ఊగకుండా ఒకే మట్టానికి రావాలి. లోపలి అంచుకి ఇంకు పూసి మందపాటి కాయితం మీద అద్దు, ఆకారం వచ్చేస్తుంది. ఆ గీతకి వెంట్రుకవాసి బయటగా బాగా ఆరిన చెక్కని కోసి, లోపలికి పోయేకొద్దీ సన్నబడేలా ఆకురాయితో దింపు. తర్వాత కొమ్ము లోపలి అంచుకి పెన్సిల్ పొడో మసో పూసి చెక్కని తోసి తీస్తే ఎక్కడ ఒత్తుకుంటుందో అక్కడ నల్లగా అంటుకుంటుంది, ఆ నలుపు ఉన్నచోట మాత్రమే గీకు. మళ్ళీ తొయ్యి, మళ్ళీ చూడు. చుట్టూరా నలుపు అంటుకుందంటే కూర్చున్నట్టే. విసుగొచ్చే పనే, ఒక సాయంత్రం పడుతుంది, కానీ అలా కూర్చున్న మూతకి జిగురు కూడా పేరుకే.

పైగా గేదె కొమ్ము ఉన్నదున్నట్టే కాస్త చదును కదా, నొక్కక్కర్లేకుండానే ఒంటికి ఆనుకుని కూర్చుంటుంది. దొరికిన ఆకారాన్ని వాడుకోక ఎందుకండీ ఈ కుస్తీ.

కలపపురుగు:

గేదె అన్న మాట నేను సరిగ్గా పట్టించుకోలేదులే, మూత విషయంలో ఒప్పుకుంటా. కానీ జ్ఞాపకం అని మరీ భయపెట్టకు, నొక్కి చేసిన కొమ్ము బుడ్లు మ్యూజియంలలో వందల ఏళ్ళుగా అలాగే ఉన్నాయి.

ఇత్తడిచీల:

మూత బిగించడానికి ఇనప మేకులు వాడకు తమ్ముడూ. నాటకానికే అయినా తుప్పు పట్టి చుట్టూ మరక దిగుతుంది. అసలు మందు పోసే కొమ్ములకైతే ఇనుము నిప్పురవ్వ కొడుతుందనే భయం ఒకటి, చెక్క, ఇత్తడి, రాగి అయితే ఆ భయం ఉండదు. వెదురు చీలలు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అంచు నుంచి కనీసం ముప్పావు సెంటీమీటరు లోపలికి బెజ్జాలు పెట్టు, అంచుకి దగ్గరగా వేస్తే కొమ్ము చీలిపోతుంది, ముందే డ్రిల్లుతో బెజ్జం వేసుకుని తర్వాత చీల దించు, నేరుగా కొట్టకు.

సందులు మూసుకోడానికి తేనెమైనం. గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో ఇంకో చిన్న గిన్నె పెట్టి మైనం కరిగించు, నేరుగా పొయ్యి మీద పెట్టకు. కొస బెజ్జం నుంచి కాస్త పోసి మూత చుట్టూ తిరిగేలా కొమ్ముని తిప్పు. తర్వాత పరీక్ష ఏంటంటే, మూత వైపు నీళ్ళలో ముంచి కొస దగ్గర నోరు పెట్టి ఊదు. బుడగలొస్తే ఎక్కడ కారుతుందో కళ్ళకే కనిపిస్తుంది.

చరిత్రపిచ్చి:

చేసే పని గురించి నాకు తెలిసింది తక్కువ గానీ ఒకటి అడగాలి, మీ వేటగాడు ఏ కాలం వాడు? ఎందుకంటే దాన్నిబట్టే ఒంటిమీద ఏముండాలో తేలుతుంది. వత్తితోనో చెకుముకిరాయితోనో పేల్చే తుపాకి అయితే రెండు బుడ్లు ఉండాలి. పెద్దదాంట్లో గొట్టంలో పోసే మందు, చిన్నదాంట్లో బయట పళ్ళెంలో చిటికెడు వేసే మెత్తటి మందు. మొఘలుల కాలం నాటి ఆ చిన్న బుడ్లు ఇప్పుడు మ్యూజియంలలో చూస్తే నోరెళ్ళబెట్టాల్సిందే, దంతం మీద జింకలు, పులులు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తున్నట్టు చెక్కారు. 16, 17 శతాబ్దాల్లో యూరప్‌లో ఆవు కొమ్ముని నొక్కి చదును చేసినవి ఎక్కువ కనిపిస్తాయి, జింక కొమ్ము పంగల్ని తొలిచి చేసినవీ ఉన్నాయి. అమెరికాలో 1754 నుంచి 1763 దాకా ఫ్రెంచి వాళ్ళకీ ఇంగ్లీషు వాళ్ళకీ జరిగిన యుద్ధంలో సైనికులు కొమ్ముల మీద పేర్లు, కోటలు, నదులతో సహా మ్యాపులు చెక్కుకున్నారు.

19వ శతాబ్దం వేటగాడు అయితే కొమ్ము కంటే రాగి, ఇత్తడి బుడ్డే నప్పుతుంది. షెఫీల్డ్‌లో జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్ లాంటి కంపెనీలు వాటిని లెక్కలేనన్ని చేశాయి, మూతి దగ్గర స్ప్రింగు మీట ఉండి నొక్కితే కొలత ప్రకారం మందు పడేది. ఆ తర్వాత మందు లోపలే నింపిన తూటాలు వచ్చాయి, బుడ్డితోనే పని లేకుండా పోయింది. కాబట్టి వేషం ఏదో చెప్తే మేం కూడా తోచింది చెప్తాం.

తీరికలేనోడు:

చెకుముకి తుపాకి కాలం అండీ. అయితే రెండో కొమ్ము కొస ముక్కతో చిన్న బుడ్డి చేసెయ్యొచ్చన్నమాట, పారేద్దామనుకుంటున్నా దాన్ని!

రెండోది కూడా ఊడింది. మూత మసి పద్ధతిలోనే చేస్తున్నా, సగం అయింది. పైన గీకడం ఎలా? ఆకురాయితో రుద్దుతుంటే గట్లు పోతున్నాయి గానీ గీతలు పడుతున్నాయి. ఇంకోటి, బాగా పల్చన చేస్తే వెలుగులో లోపల మందు ఎంత ఉందో కనిపిస్తుందని ఎక్కడో విన్నా, ఎంత పల్చన చెయ్యాలి?

రంపపుపొట్టు:

వెలుగు కనపడేది లేత రంగు ఆవు కొమ్ముల్లో. రెండు మిల్లీమీటర్ల దగ్గరికి తెచ్చి దీపానికి అడ్డం పెడితే తేనెరంగులో మెరుస్తుంది, లోపల మందు ఎక్కడిదాకా ఉందో నీడలా తెలుస్తుంది. మీది నల్లది, ఎంత గీకినా అలా రాదు, దాని కోసం పల్చన చేసుకుంటూ పోయి బెజ్జం పెట్టుకోవద్దు. నల్ల కొమ్ము అందం పాలిష్‌లో ఉంది.

ఆకురాయి గట్లు తియ్యడం వరకే. తర్వాత గీకుడు. పాత చాకు అలుగుని కొమ్ము మీద నిటారుగా నిలబెట్టి మీవైపుకి లాగండి, కొయ్యకూడదు, గీకాలి. పగిలిన గాజుపెంకు అంచు ఇంకా బాగా పనిచేస్తుంది, ఒక వైపుకి మందంగా టేపు చుట్టుకుని పట్టుకోండి. సరిగ్గా గీకుతున్నారంటే పొడి రాలదు, సన్నటి చుట్టలు చుట్టలుగా పొట్టు లేస్తుంది, పొడి వస్తోందంటే అంచు మొద్దుబారిందని. ఎప్పుడూ మొదలు నుంచి కొస వైపుకే, ఉల్టా గీకితే పొర లేచిపోతుంది. ఆకురాయి గీతలన్నీ పోయాక నీళ్ళలో తడిపి గరుకు కాయితం 220, 400, 600, ఓపికుంటే 1000. ఒక్కో నంబరు మార్చేముందు తుడిచి ఆరనిచ్చి వెలుగుకి ఏటవాలుగా పట్టి చూడండి, పాత గీత ఒక్కటి మిగిలినా తర్వాతి కాయితంతో పోదు, పాలిష్ పెట్టాక వెక్కిరిస్తూ కనపడుతుంది. చివర్లో ఇత్తడి సామాను తోమే పాలిష్ మెత్తటి గుడ్డ మీద వేసి రుద్దండి. అద్దం అయిపోతుంది.

మూతి దగ్గర మాత్రం అంతా ఒకే సన్నం చేసెయ్యకండి, ఒక ఉంగరం లాగా గట్టు వదిలి దాని వెనకాల గాడి చెక్కండి, పట్టీ కట్టేది అక్కడే, గట్టు లేకపోతే జారి ఊడొస్తుంది.

మసిగుడ్డ:

బొమ్మలు చెక్కాలనుకుంటే పాలిష్ పూర్తయ్యాకే చెక్కాలి, ముందు కాదు. ఎందుకంటే చెక్కిన గీతలో రంగు నింపి పైన తుడిచేస్తాం, పైన నున్నగా లేకపోతే ఆ రంగు ప్రతి గరుకులోకీ దూరి మొత్తం మురికిగా అవుతుంది. లేత కొమ్ముకి మసి, నూనె కలిపి రుద్దుతారు. నల్ల కొమ్ముకి తెల్ల రంగు రుద్దాలి, అచ్చం పలక మీద రాసినట్టు వస్తుంది. వంకర కొమ్ము మీద సూది జారుతుంది జాగ్రత్త, మొదట వృథా ముక్క మీద చెయ్యి తిప్పుకోండి.

రంగు వేసేవాళ్ళెవరైనా చదువుతుంటే, లేత కొమ్ముకి బట్టల రంగుల్లో ఉన్నికి వేసేది పడుతుంది, కాస్త వెనిగర్ కలపాలి, నీళ్ళు వేడిగా ఉంటే చాలు మరగకూడదు. మరిగితే పైన అన్న జ్ఞాపకం అంతా తిరిగొచ్చి మూత వదులవుద్ది.

ఇత్తడిచీల:

నాటకంలో ఆ కొమ్ము ఎలా వాడతారో కూడా చెప్తా, సినిమాల్లో తప్పే చూపిస్తారు. కొమ్ము మూతిని నేరుగా తుపాకి గొట్టానికి ఆనించి పొయ్యరు. అంతకుముందు పేల్చినదాని నిప్పు కణం గొట్టంలో మిగిలి ఉంటే చేతిలో ఉన్న బుడ్డి మొత్తం పేలిపోతుంది. ముందు చిన్న కొలత గొట్టంలోకి వంచుకుని, కొమ్ముకి బిరడా పెట్టి పక్కకి తోసి, అప్పుడు కొలతలోది తుపాకిలో పోస్తారు. మీ నటుడికి ఇది నేర్పిస్తే తెలిసినవాళ్ళు చూసి మెచ్చుకుంటారు. కొలత గొట్టం కూడా మిగిలిన కొస ముక్కతోనే చెయ్యొచ్చు, పట్టీకి వేలాడదీస్తే చూడ్డానికీ బాగుంటుంది. ధార కోసం ఆరబెట్టి జల్లించిన సన్న ఇసుకకి బొగ్గుపొడి రంగు పట్టించి పోసుకో, అసలు మందు జోలికి పోవద్దు, దానికి లైసెన్సు రూల్స్ వేరు, స్టేజి మీద లైట్లు వేరు.

ఇంకెవరైనా పాత కొమ్ము కొని బాగుచేద్దామనుకుంటే కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి, ముందు లోపల నీళ్ళు పోసి బాగా కడగండి. మూలల్లో పాత మందు గట్టిపడి ఉండొచ్చు, దానిమీద డ్రిల్లు పెట్టడం అంటే కోరి తెచ్చుకోవడమే. మందుని మండించే సూరేకారం నీళ్ళలో కరిగి కొట్టుకుపోతుంది, ఆ నీళ్ళు పూర్తిగా పారబోస్తే ఇక అది అంటుకోదు.

తీరికలేనోడు:

కొలత గొట్టం ఐడియా అదిరింది. మూత కూర్చుంది, వెదురు చీలలు దించా, ఊదితే ఒక్క చోట బుడగ వచ్చింది, మైనం ఇంకాస్త పోస్తే ఆగింది. ఇక బిరడా మిగిలింది. చెక్కదే పెట్టనా, ఉబ్బి పట్టేస్తుందేమో అని డౌటు. నాటకాలు అయ్యాక ఏళ్ళ తరబడి దాచాలంటే ఏమైనా చెయ్యాలా?

కలపపురుగు:

గట్టి చెక్కతో చెయ్యి, వీణ బిరడాలా ఏటవాలుగా సన్నబడుతూ ఉండాలి. మూతి బెజ్జాన్ని కూడా అదే వాలులో కాస్త వెడల్పు చేసుకో, రెండూ ఒకే వాలులో ఉంటే కొంచెం తిప్పగానే బిగుస్తుంది, కొంచెం తిప్పగానే వదులుతుంది. తిన్నటి పుల్ల పెడితే మాత్రం నువ్వన్నట్టే వానాకాలం ఉబ్బి ఊడి రాదు. దానికి కూడా మైనం రుద్దు.

దాచేటప్పుడు బీరువాలో మూల పడెయ్యకు, ఉన్ని బట్టల్ని తినే పురుగులే కొమ్మునీ తింటాయి, పైన సన్న సన్న గుంటలు పెడతాయి. అప్పుడప్పుడు బయటికి తీసి తుడిచి ఒక చుక్క మినరల్ ఆయిల్ రాస్తే చాలు. ఆ, బిరడాకి చిన్న తాడు కట్టి మూతి గాడికి ముడెయ్యి, సీను మధ్యలో చీకట్లో కింద పడితే ఎవడూ వెతకలేడు. అయ్యాక ఫోటో పెట్టు, మూత దగ్గర నుంచి తియ్యి.